సూర్యుడు దీపం పెట్టే ఇల్లు

పిల్లలూ! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలంటారు కదా! ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే వేసవిలో పల్నాడు వెళ్లాలి. మాచర్లకూ గురజాలకూ మధ్య రెంటచింతల అనే ఊరుంది. ఎండలు ముదిరాయంటే చాలు, పత్రికల్లోనూ రేడియోలోనూ ఆ ఊరి పేరు వినబడుతుంది. అక్కడ 45, 46 డిగ్రీల ఎండ కాయడం కొత్త సంగతేమీ కాదు.

పగలంతా డాబా పైకప్పు ఎండ తాగుతుంది. పొద్దు గూకిన తరువాత, తాగిన వేడినంతా నెమ్మదిగా ఇంట్లోకి వదులుతుంది. ఆ గదిలో పడుకోవడమంటే కాలిన పెనం కింద పడుకోవడమే. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయిందనుకోండి. చంటిపిల్ల ఏడుపు అందుకుంటుంది. అమ్మ విసనకర్ర అందుకుంటుంది. ముసలి అమ్మమ్మ లేచి కూర్చుని మంచినీళ్లు అడుగుతుంది. ఇలాంటి ఎండల్లో వడదెబ్బ తగిలి ఏటా ఎందరో ప్రాణాలే పోగొట్టుకుంటున్నారు. కాబట్టి చల్లని ఇల్లు అనేది గొప్పవాళ్ల సరదా కాదు, అందరికీ అవసరం.

మరి ఇంత బాధపెట్టే సూర్యుడి చేతనే మన ఇంట్లో ఫాను తిప్పించి, దీపం వెలిగించుకుంటే ఎలా ఉంటుంది?

“అదెంత పని! డాబామీద సోలార్ పలకలు పెట్టిస్తే సరి!” అంటారు మీలో చాలామంది. పెట్టించవచ్చు. అయితే పలకలు పెట్టించడం మొదటి పని కాదు, చివరి పని. దానికి ముందు చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. ఒక ఆచార్యుడూ ఆయన శిష్యులూ ఈ సంగతిని ఇల్లు కట్టి మరీ చూపించారు. ఆ కథ చెబుతాను, వినండి.

జర్మనీ దేశంలో డార్మ్‌స్టాట్ అనే నగరం ఉంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాన్‌ఫ్రెడ్ హెగర్ అనే ఆచార్యుడు ఆర్కిటెక్చరు, అనగా భవనాలకు రూపం కల్పించే విద్య, నేర్పేవారు.

అమెరికా ప్రభుత్వపు ఇంధన శాఖవారు 2002లో ఒక వింత పోటీ ప్రారంభించారు. దాని పేరు సోలార్ డెకాథ్లాన్. ‘డెకా’ అంటే గ్రీకు భాషలో పది. పరుగు, దూకడం, ఈటె విసరడం మొదలైన పది అంశాలలోనూ నెగ్గుకురావలసిన ఆటలపోటీని డెకాథ్లాన్ అంటారు. ఈ ఇళ్ల పోటీలోనూ పది పరీక్షలే. పోటీ పడేవాళ్లు కాలేజీ విద్యార్థులు. ఇల్లు ఎలా ఉండాలో ఊహించడం, బొమ్మ గీయడం, కట్టడం, అందులో పనులన్నీ చేసి చూపించడం వాళ్ల వంతు. దారి చూపించడం ఆచార్యుల వంతు.

2007లో జరిగిన పోటీకి ఇరవై జట్లు వచ్చాయి. వాషింగ్టన్ నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద మైదానంలో ఇరవై ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లకు బయటినుంచి కరెంటు తీగ లేదు. ఆ ఇంటిమీద పడిన ఎండతోనే అంతా జరగాలి. లోపల వేడి 22 డిగ్రీలకు తగ్గకూడదు, ఇంచుమించు 24 డిగ్రీలు మించకూడదు. స్నానానికి వేడినీళ్లు కాగాలి, బట్టలు ఉతకాలి, గిన్నెలు కడగాలి, ఫ్రిజ్ నడవాలి, దీపాలు వెలగాలి. ఇవన్నీ చేసిన తరువాత కూడా కరెంటు మిగిల్చి, దానితో ఒక చిన్న కారు నడపాలి!

హెగర్ శిష్యులు తమ ఇంటిని జర్మనీలోనే తయారుచేసి, భాగాలుగా విడదీసి, ఓడమీద అట్లాంటిక్ సముద్రం దాటించారు. ఆ ఇంటిని ఉల్లిపాయలాగా పొరలుపొరలుగా కట్టారు. అన్నిటికీ బయట ఓక్ అనే చెట్టు కర్రతో చేసిన రెక్కలున్నాయి. రెక్కలు తెరిస్తే వెలుగు, మూస్తే నీడ. ఆ రెక్కలమీదనే సన్నని సోలార్ పలకలు అమర్చారు. ఎండ ఎటునుంచి వస్తే అటు అవి తిరుగుతాయి. అంటే నీడనిచ్చే తలుపే కరెంటు కూడా ఇస్తుందన్నమాట! రెక్కల వెనుక గాజు, దాని వెనుక వేడిని అటూ ఇటూ పోనివ్వని దట్టమైన గోడ. ఆ గోడ లోపలి పొరలో ఒక చిత్రం దాగి ఉంది.

అది అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లి పేరిన నెయ్యి చూడండి. పేరిన నెయ్యి కరగాలంటే వేడి కావాలి. కరిగేటంతసేపూ అది వేడిని మింగుతూనే ఉంటుంది. తిరిగి పేరుకునేటప్పుడు, మింగిన వేడిని బయటికి వదులుతుంది. ఆ గోడ పలకల్లో ఒక రకం మైనాన్ని కంటికి కనబడనంత చిన్న గుళికలుగా చేసి కలిపారు. గది వేడెక్కబోతే ఆ మైనం కరిగి వేడిని మింగేస్తుంది. రాత్రి చల్లబడితే గట్టిపడి వేడిని వదులుతుంది. దీనికి ఫానూ అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1948లోనే అమెరికాలోని డోవర్ అనే ఊళ్లో ముగ్గురు స్త్రీలు కలిసి దీనిని ప్రయత్నించారు. హంగరీలో పుట్టిన మేరియా టెల్కెస్ అనే శాస్త్రజ్ఞురాలు ఉపాయం చెప్పింది. ఎలియనోర్ రేమండ్ అనే ఆర్కిటెక్టు ఇంటి నమూనా గీసింది. అమీలియా పీబాడీ అనే ఆమె డబ్బు పెట్టింది. అది మంచు కురిసే చోటు, అక్కడివాళ్లకు వెచ్చదనం కావాలి. 32 డిగ్రీల దగ్గర కరిగే ఒక లవణాన్ని డబ్బాలకెత్తి ఇంట్లో పెట్టారు. పగటి ఎండకు అది కరిగేది, రాత్రివేళ గట్టిపడుతూ ఇంటిని వెచ్చబరిచేది. రెండు శీతాకాలాలు బాగానే గడిచాయి. ఆ తరువాత లవణం డబ్బాల్లో పొరలుగా విడిపోయింది, డబ్బాలు కారడం మొదలుపెట్టాయి. చివరకు ఆ ఇంటికి మామూలు పొయ్యి పెట్టుకోక తప్పలేదు. ఇల్లు ఓడిపోయింది గాని ఉపాయం ఓడిపోలేదు. లవణం బదులు వేరే పదార్థాలు వెతికారు. దాదాపు అరవై ఏళ్ల తరువాత హెగర్ శిష్యుల గోడలో అదే ఉపాయం నిలబడి పనిచేసింది.

2007 పోటీలో మొదటి బహుమతి డార్మ్‌స్టాట్ విద్యార్థులదే. 2009లో మరో జట్టును వెంటబెట్టుకుని హెగర్ మళ్లీ వెళ్లారు. ఈసారి వాళ్ల ఇల్లు ఒక నల్లని పెట్టెలాగా ఉంది. పైకప్పుమీదనే కాక గోడలమీద కూడా సోలార్ పలకలు కప్పారు. పోటీ రోజుల్లో మబ్బులు పట్టి వాన కురిసింది. అయినా ఆ ఇల్లు తాను వాడుకున్నదానికంటె ఎక్కువ కరెంటు పుట్టించింది. మళ్లీ మొదటి బహుమతి! హెగర్ 2016లో మరణించారు. ఆయన చూపిన దారిలో రెండుసార్లు గెలిచిన శిష్యులు ఈనాడు తామే ఇళ్లకు నమూనాలు గీసే వయసువాళ్లు.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! 2014లో ఈ పోటీ ఐరోపాలో, పారిస్ దగ్గరి వెర్సాయ్‌లో జరిగింది. మన దేశంనుంచి మొదటిసారిగా ఒక జట్టు వెళ్లింది. బొంబాయి ఐ.ఐ.టి. విద్యార్థులూ, ఆ నగరంలోనే ఆర్కిటెక్చరు చదివే విద్యార్థులూ కలిసిన జట్టు అది. తమ జట్టుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘శూన్య’. సున్నను లోకానికి ఇచ్చిన దేశంవాళ్లకు తగిన పేరే! సున్న అంటే కరెంటు అసలు వాడరని కాదు. ఏడాది పొడుగునా ఇల్లు పుట్టించిన కరెంటులోనుంచి వాడుకున్న కరెంటు తీసివేస్తే సున్న రావాలి. శెట్టిగారి కొట్లో ఖాతా తేల్చినట్టు, ఎండతో ఖాతా తేల్చుకోవడమన్నమాట. 2020లో ఈ పోటీ మన దేశంలోనే విడిగా మొదలైంది. విజయవాడలో 2008లో పెట్టిన ప్లానింగ్, ఆర్కిటెక్చర్ కాలేజీ ఉంది. రేపు మీలో ఎవరైనా అక్కడ చేరి, ఇలాంటి పోటీకి వెళ్లవచ్చు.

సరే, అంతదాకా ఆగడమెందుకు? ఇప్పుడే మనం విద్యార్థులమనుకుని రెంటచింతలలో ఒక ఇల్లు ఊహిద్దాం. జర్మనీ ఇల్లు మెచ్చుకున్నాం కదా అని దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టవచ్చునా?

పెడితే కొంప మునుగుతుంది! ఎందుకంటే అక్కడి సూర్యుడి దారి వేరు, మన సూర్యుడి దారి వేరు. డార్మ్‌స్టాట్‌లో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 17 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు, చెట్ల కొమ్మల మధ్యనే కనబడతాడు. అందుకని చలిదేశాలవాళ్లు దక్షిణపు గోడకు పెద్ద పెద్ద అద్దాలు పెట్టి ఆయనను లోపలికి ఆహ్వానిస్తారు. పల్నాడులో అదే రోజున సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మే మొదటి వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జూన్ నాటికి నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ఆగస్టు మొదటి వారంలో తిరిగి నడినెత్తికి వస్తాడు. కాబట్టి మన ఇంటికి వేసవిలో ముఖ్యమైన శత్రువు గోడ కాదు, పైకప్పు.

దక్షిణపు గోడను కాపాడడం తేలిక. గోడమీద రెండడుగుల చూరు దించితే చాలు. మార్చి 21 మధ్యాహ్నం ఆ చూరు నీడ గోడమీద ఆరున్నర అడుగులకు పైగా పడుతుంది. చలికాలంలో, డిసెంబరు 21న, రెండున్నర అడుగులైనా పడదు. అప్పుడు కిటికీలోనుంచి నులివెచ్చని ఎండ లోపలికి వస్తుంది. ఎంత తెలివైన చూరో చూశారా! తూర్పు, పడమర గోడల సంగతి వేరు. అక్కడ ఎండ ఏటవాలుగా వచ్చి చూరు కిందుగా దూరుతుంది. అందుకనే ఆ దిక్కుల కిటికీలు తగ్గించాలి. వసారా దించాలి, లేదా వేపచెట్టు పెంచాలి.

ఇక పైకప్పు. మన పాత మట్టిమిద్దెలు గుర్తు తెచ్చుకోండి. కప్పుమీద మందంగా మట్టి ఉండేది, పగటివేడి లోపలికి దిగేలోగానే పొద్దు గూకేది. పలుచని సిమెంటు కప్పుకు ఆ ఓపిక లేదు. దానికి మందు ఎక్కడో వెతకనక్కరలేదు, పిడుగురాళ్లలోనే ఉంది. అదే సున్నం! సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరు కదా అది. నల్లని గొడుగు ఎండను మింగుతుంది, తెల్లని బట్ట ఎండను తిప్పికొడుతుంది. కప్పు కూడా అంతే. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులూ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారూ కలిసి హైదరాబాదులో ఒక భవనం కప్పుకు తెల్లపూత వేసి కొలిచి చూశారు. 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నల్లని కప్పును తెల్లగా మారిస్తే, గదులను చల్లబరచడానికి అయ్యే కరెంటు నూటికి 14నుంచి 26 వంతుల వరకు తగ్గిందట! 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి చల్లని కప్పులకోసం ఒక విధానమే ప్రకటించింది.

ఇన్ని పనులూ అయిన తరువాతనే సోలార్ పలకలు. ఇక్కడ మీకొక పొడుపు ప్రశ్న. ఎండ మండే రెంటచింతలలో పలకలు మరీ ఎక్కువ కరెంటు ఇస్తాయా?

“ఇస్తాయి” అన్నారా? తప్పు! పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. పలక 25 డిగ్రీలకన్న ఎంత ఎక్కువ కాలితే అంతగా దాని శక్తి తగ్గుతుంది. ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు చొప్పున పోతుంది. పల్నాటి ఎండలో పలక 65 డిగ్రీల దాకా కాలిందనుకోండి. నలభై డిగ్రీలు పెరిగినట్టు. అంటే నూటికి 16 వంతులు నష్టం! అందుకని పలకలను కప్పుకు అతికించినట్టు పెట్టకుండా, కింద గాలి ఆడేటట్టు ఎత్తుగా నిలబెట్టాలి. ముఖం దక్షిణానికి ఉండాలి, వాలు సుమారు 16 డిగ్రీలుండాలి. గాలి పలకను చల్లబరుస్తుంది, పలక కప్పుకు గొడుగు పడుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు!

ఇప్పుడు లెక్కకు రండి. ఒక కిలోవాటు పలకలకు డాబామీద వంద చదరపు అడుగుల చోటు చాలు. అవి రోజుకు సగటున నాలుగు యూనిట్ల కరెంటు ఇస్తాయి. ఒక ఇంట్లో 75 వాట్ల పాతకాలపు ఫాన్లు నాలుగు రోజుకు 12 గంటలు తిరుగుతున్నాయి. 60 వాట్ల పాత బల్బులు ఆరు, అయిదేసి గంటలు వెలుగుతున్నాయి. ఫాన్లకు 3.6 యూనిట్లు, బల్బులకు 1.8 యూనిట్లు, మొత్తం 5.4. నాలుగు యూనిట్ల పలకలు ఈ ఇంటికి చాలవు. అవే ఫాన్లు 30 వాట్లవి, బల్బులు 9 వాట్ల ఎల్.ఈ.డి.వి పెట్టారనుకోండి. ఫాన్లకు 1.44, బల్బులకు 0.27, మొత్తం 1.71 యూనిట్లు. గాలీ తగ్గలేదు, వెలుగూ తగ్గలేదు. అవే పలకలు ఇప్పుడు ఇంటికి సరిపోయి ఇంకా మిగిలాయి!

“మరి రాత్రి సూర్యుడుండడు కదా?” అంటారా? పగలు మిగిలిన కరెంటును బ్యాటరీలో దాచుకోవచ్చు. లేదా కరెంటు లైనులోకి పంపి, రాత్రి అంత తిరిగి తీసుకోవచ్చు. ఎంత పంపామో, ఎంత తీసుకున్నామో మీటరే లెక్క రాస్తుంది. కాని ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించండి. లైనుకు మాత్రమే కలిపిన పలకలు, లైనులో కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. లైను బాగుచేసే మనిషికి షాకు కొట్టకుండా అలా ఏర్పాటు చేశారు. కాబట్టి మనం మొదట చెప్పుకున్న అమ్మమ్మకు కరెంటు పోయిన రాత్రి కూడా ఫాను తిరగాలంటే బ్యాటరీ ఉండి తీరాలి. పెద్ద బ్యాటరీకి చాలా డబ్బవుతుంది. ఇల్లు చల్లగా ఉండి, ఫాను 30 వాట్లదైతే చిన్న బ్యాటరీతోనే తెల్లవారుతుంది. నీడ, సున్నం, చూరు ముందూ, పలకలు చివరా అని మొదట అన్నానే, ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

మీరు చేయవలసిన ప్రయోగాలు రెండున్నాయి. అమ్మకో నాన్నకో చెప్పి, వాళ్లు దగ్గరుండగా చేయండి.

మొదటిది: ఒకే కొలత అట్టపెట్టెలు రెండు తీసుకోండి. ఒకదాని మూతకు నల్లరంగు, రెండోదానికి సున్నం వేయించండి. తడి సున్నం కళ్లలో పడితే ప్రమాదం, ఆ పని పెద్దలచేతనే చేయించండి. లోపల ఒక్కొక్క గిన్నెలో సమానంగా నెయ్యి ముద్ద పెట్టి మూయండి. ఉదయపుటెండలో రెండిటినీ పక్కపక్కన ఉంచి, ఏ నెయ్యి ముందు కరుగుతుందో, ఎన్ని నిమిషాలు తేడా వస్తుందో రాసుకోండి.

రెండోది: మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ పెరట్లో నిటారుగా ఒక కర్ర పాతండి. పన్నెండు దాటిన పది, పదిహేను నిమిషాలకు కర్ర నీడ చూడండి. పల్నాడులో ఒక రోజున అది దాదాపు మాయమైపోతుంది! సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. నెత్తిన గుడ్డ వేసుకోండి, నీడ చూసి వెంటనే ఇంట్లోకి రండి.

చివరగా ఒక లెక్క. పైన చెప్పిన 1.71 యూనిట్ల ఇంట్లో రోజుకు ఒక యూనిట్ తినే ఫ్రిజ్, నాలుగు గంటలు నడిచే 80 వాట్ల టీవీ కూడా ఉన్నాయి. పలకలిచ్చే నాలుగు యూనిట్లలో ఇంకా ఎంత మిగులుతుంది? చేసి ఉంచుకోండి. జవాబు వచ్చే నెలలో!